ధర దిగింది, సర్వీసు ఇంకా దిగలేదు: పెద్ద బైకుల కంపెనీలకు బహిరంగ లేఖ

మన దేశంలో ప్రీమియం మోటార్‌సైకిళ్లు తయారుచేసి అమ్ముతున్న కంపెనీల యాజమాన్యాలకు, తెలుగు రాష్ట్రాల్లోని వాటి డీలర్లకు నమస్కారం.

రెండు రాష్ట్రాల్లోనూ 300 సీసీ దాటిన బండ్ల మీద రోజూ పనిచేసే మెకానిక్కులం, వాటికి స్పేర్లు తెప్పించి ఇచ్చే దుకాణదారులం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మీ బండ్ల మీద మాకు కోపం లేదు, ఇష్టమే ఉంది. ఆ ఇష్టం కొన్నవాళ్లలో రెండేళ్లు తిరక్కుండానే ఎందుకు చల్లారుతోందో మీకు తెలియాలి. మీ దగ్గరికి వచ్చే అమ్మకాల లెక్కల్లో అది కనపడదు. షెడ్డులో దుప్పటి కప్పి నిలబెట్టిన బండ్లను చూస్తే తెలుస్తుంది.

2013లో కేటీఎం 390 డ్యూక్ వచ్చింది. 2018 నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 రెండున్నర లక్షలకు రెండు సిలిండర్ల ఇంజనును చేతికిచ్చింది. 2023 జులైలో ఒకే వారంలో హార్లే ఎక్స్440 రూ.2.29 లక్షలకు, ట్రయంఫ్ స్పీడ్ 400 రూ.2.33 లక్షలకు మార్కెట్లోకి దిగాయి. అంతకుముందు ఆ రెండు పేర్లు వింటే ఏడెనిమిది లక్షలు, పది లక్షలు గుర్తొచ్చేవి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024-25లో ఒక్క ఏడాదిలో 10 లక్షల బండ్లు దాటింది. గిరాకీ ఉందా లేదా అన్న చర్చ ఇక అనవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ పైవాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 శాతమైంది. అయినా 400 సీసీ, 650 సీసీ బండ్లు కావాలని అడిగేవాళ్లు జిల్లా కేంద్రాల్లో కూడా కనపడుతున్నారు.

మీరు గమనించాల్సిన మార్పు ఇక్కడే ఉంది. పదేళ్ల కిందట పెద్ద బైకు కొన్న ఆసామి ఇంట్లో రెండు కార్లుండేవి. బండి నెల రోజులు వర్క్‌షాపులో ఉన్నా ఆయన పని ఆగేది కాదు. ఈ రోజు రెండున్నర లక్షలకు నెలవారీ వాయిదాల మీద కొనే అబ్బాయికి ఇంట్లో ఉన్నది అదొక్కటే బండి. సోమవారం నుంచి శనివారం దాకా ఉద్యోగానికీ అదే, ఆదివారం మారేడుమిల్లి ఘాటుకో శ్రీశైలం అడవి దారికో అదే. అది ఆగితే మనిషి ఆగుతాడు. మీరు ధరను మధ్యతరగతికి దించారు. సర్వీసు మాత్రం రెండు కార్లున్న ఆసామి కోసం కట్టినట్టే ఉంది.

మొదటి సర్వీసునే తీసుకోండి. చాలా మోడళ్లకు 1,000 కిలోమీటర్ల దగ్గర చేయించాలి. ఖమ్మం నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు, కర్నూలు నుంచి 210, ఆదిలాబాద్ నుంచి 300. దగ్గర్లో సర్వీసు సెంటరు లేని ఊరివాడు రానూపోనూ 400 నుంచి 600 కిలోమీటర్లు ఆ ఒక్క సర్వీసు కోసమే తిరగాలి. అంటే ఇంజను కుదురుకోవాల్సిన మొదటి వెయ్యిలో 200 నుంచి 300 కిలోమీటర్లు హైవే మీద ఒకే స్పీడులో, ఒకే గేరులో గడిచిపోతుంది. మీ ఓనర్స్ మాన్యువల్లోనే స్పీడు మారుస్తూ నడపమని రాశారు. పాటించే దారి లేదు. ఇక ఏడాదికొకసారి ఆయిల్ మార్పుకు ఇదే ప్రయాణం, సెలవు పెట్టుకుని.

ఇక స్పేర్ల సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి, మా కష్టంలో ఎక్కువ భాగం ఇదే.

పెద్ద బండ్లు స్పీడులో పడేది తక్కువ. నిలబెట్టిన చోట పక్కకు ఒరిగి పడేది ఎక్కువ. 180, 200 కిలోల బండిని గుంతలోనో ఇసకలోనో సైడ్ స్టాండు వేసి దిగుతారు. స్టాండు కాలు దిగబడుతుంది, బండి ఎడమవైపు కూలబడుతుంది. అలా పడ్డప్పుడు నేలకు ముందు తగిలేవి నాలుగే: హ్యాండిల్ చివరి బరువు, క్లచ్ లీవరు, ఎడమ ఫుట్‌రెస్టు, గేరు లీవరు. లీవరు పోత అల్యూమినియం కాబట్టి వంగితే వంగుతుంది, లేదంటే చివరనున్న గోళీ దగ్గర విరుగుతుంది. వంగినదాన్ని చల్లగా ఉండగా సరిచేయబోతే లోపల పగులు పట్టి, వారం తర్వాత ట్రాఫిక్‌లో విరుగుతుంది. గేరు లీవరు లోపలికి వంగి ఇంజను కవరును రాసుకుంటుంటే ఒక్కోసారి గేరు సగం పడి బయటికి జారుతుంది. దాన్ని సుత్తితో కొట్టి తీస్తే షాఫ్టు ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది. ఇంతా చేస్తే పోయింది ఏమిటి? బండి ధరలో ఒక శాతం కూడా చేయని రెండు ముక్కలు. అవి స్టాకులో లేక రెండున్నర లక్షల బండి మూడు వారాలు కదలకుండా ఉంటుంది. ఆర్డరు పెట్టాలంటే బండిని డీలరు దగ్గరికే తేవాలి, ఛాసిస్ నంబరు చూపాలి, అడ్వాన్సు కట్టాలి అంటారు. క్లచ్ లీవరు విరిగిన బండిని 200 కిలోమీటర్లు ఎలా తేవాలి?

అందుకే మేము అడిగేది గోదాము కాదు, ఒక బీరువా. ఒక జిల్లాలో మీ మోడల్ బండ్లు 100 తిరుగుతుంటే, ఆ జిల్లా కేంద్రంలో ఏదో ఒక దుకాణంలో ఎప్పుడూ ఉండాల్సినవి ఇవి. క్లచ్ లీవర్లు 8, ముందు బ్రేకు లీవర్లు 5, గేరు లీవర్లు 5, ఎడమ ఫుట్‌రెస్టులు బ్రాకెట్టుతో సహా 4, క్లచ్ కేబుళ్లు 5. ఆయిల్ ఫిల్టర్లు వాటి రబ్బరు ఓ-రింగులతో 30. పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు వాషర్లు 50. పాత వాషరే మళ్లీ వేస్తే కారుతుంది, కారుతోందని బిగిస్తే అల్యూమినియం మర పోతుంది, పది రూపాయల వాషరు కోసం హెలికాయిల్ (పోయిన మరలో కూర్చోబెట్టే తీగచుట్ట) వేయాల్సి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్లు 15, ముందు బ్రేకు ప్యాడ్లు 12 జతలు, వెనక ప్యాడ్లు 12 జతలు, చైన్ స్ప్రాకెట్ సెట్లు 4, హ్యాండిల్ బేరింగు సెట్లు 3, ఫోర్కు ఆయిల్ సీళ్లు 6 జతలు. ఒక రేడియేటర్ ఫ్యాను, ఒక ఫ్యూయెల్ పంపు, రెండు సైడ్ స్టాండు స్విచ్చులు. ఆ స్విచ్చు చిన్నదే, కానీ బురద పట్టి అది పనిచేయకపోతే గేరు వేయగానే ఇంజను ఆగిపోతుంది, కొన్నవాడు ఇంజనే పోయిందని భయపడతాడు. ఈ లెక్కలు మా అనుభవం మీద వేసినవి. మోడల్‌ను బట్టి మీరు సవరించండి. సరుకు సొంతంగా కొనిపెట్టుకునే స్తోమత చిన్న దుకాణానికి ఉండదు కాబట్టి అమ్ముడైతేనే డబ్బు కట్టే పద్ధతిలో ఇవ్వండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీల స్పేర్లు ఎప్పటినుంచో అరువు మీద, నమ్మకం మీద నడుస్తున్నాయి. మీకు కొత్త ఏర్పాటేమీ అక్కర్లేదు.

ప్రతి ముక్కకూ ధర, పార్టు నంబరు అందరికీ కనపడేలా పెట్టండి. ఇప్పుడు ధర తెలియాలంటే కౌంటరులో మనిషి దయ కావాలి. అసలు ధర తెలియని చోటే నకిలీ సరుకు నిలదొక్కుకుంటుంది. అచ్చం కంపెనీ డబ్బాలో వచ్చే నకిలీ బ్రేకు ప్యాడ్లు మా చేతుల మీదుగానే వెనక్కి పోతుంటాయి. ఘాటు దిగుతుంటే వేడెక్కి పట్టు వదిలేసే ప్యాడు అది.

ఇంకో చోట నష్టం జరుగుతోంది, మీ దృష్టికి వచ్చి ఉండదు: పంక్చరు దుకాణం. ఊళ్లలో టైరు విప్పే పద్ధతి చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, రిమ్ము అంచు నుంచి టైరు ఊడేదాకా తొక్కడం. డిస్కు కిందికి పెట్టి తొక్కితే రెండు వంగుతాయి. ఒకటి డిస్కు, రెండోది దాని పక్కనున్న ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) రింగు. డిస్కు వంగితే బ్రేకు పట్టినప్పుడు లీవరు వేళ్ల కింద కొట్టుకుంటుంది. రింగు వంగితే దానికీ సెన్సరుకూ మధ్య ఉండాల్సిన మిల్లీమీటరు సందు ఒకచోట ఎక్కువై ఒకచోట తక్కువై, ఏబీఎస్ లైటు ఆరదు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. పంక్చరు వేసేవాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. చక్రం కింద రెండు చెక్కదిమ్మలు పెట్టి, డిస్కు పైకి ఉంచి విప్పమని బొమ్మతో ఒక తెలుగు కాగితం ముద్రించి జిల్లాకు 200 పంచండి. దాని ఖర్చు మీరిచ్చే ఒక్క పూట హోర్డింగు అద్దె కూడా కాదు. స్పోకు చక్రాల్లో ట్యూబులున్న మోడళ్లకైతే ఆ కాగితం మరీ అవసరం. వాటికి పంక్చరు పడితే చక్రం విప్పక తప్పదు.

స్కానర్ల మాట. 2023 ఏప్రిల్ నుంచి బండ్లకు ఓబీడీ-2 (బండి తన లోపాన్ని తానే కనిపెట్టి కోడుగా చూపే ఏర్పాటు) వచ్చింది, సీటు కింద ఆరు పిన్నుల కప్లరుంది. మార్కెట్లో దొరికే మామూలు స్కానరుతో ఇంజను పొగకు సంబంధించిన కోడ్లు చదవొచ్చు. అక్కడితో సరి. ఏబీఎస్ కోడు చదవాలన్నా, బ్రేకు ఆయిల్ మార్చాక ఏబీఎస్ పంపులో చిక్కిన గాలి తీయాలన్నా, సర్వీసు లైటు ఆర్పాలన్నా, ఇంజనులోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ తుడిచాక దాని సున్నా స్థానాన్ని ఇంజను కంప్యూటరుకు నేర్పాలన్నా కంపెనీ సాధనమే కావాలి. దానికి డీలరు లాగిన్ ఉండాలి. మేము ఉచితంగా అడగడం లేదు. రోజుకో నెలకో అద్దె పెట్టి, ఆధారాలు చూసి లాగిన్ ఇవ్వండి. తాళాలు, ఇమ్మొబిలైజరు లాంటి దొంగతనానికి దారితీసే భాగం మీ దగ్గరే ఉంచుకోండి, అది సబబే. మిగతాది ఇవ్వకపోవడం వల్ల లైటు ఆరని బండిని అలాగే నడుపుతున్నారు. నిజంగా ఏబీఎస్ పోయిన రోజు కూడా అదే లైటు, ఎవరూ పట్టించుకోరు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. అందులో ఆటోమొబైల్స్ కూడా ఒక విభాగం. మీ వర్క్‌షాపు మాన్యువల్, వైరింగు బొమ్మ, ఏ బోల్టుకు ఎంత టార్కు (బిగింపు బలం), ఫిల్టరు మారిస్తే ఆయిల్ ఎంత, మార్చకపోతే ఎంత, ఇవి ప్రతి మోడల్‌కూ అక్కడ పెట్టండి. ఆయిల్ కొలత తెలియక ఎక్కువ పోస్తే బ్రీదరు గొట్టం గుండా ఎయిర్ ఫిల్టరులోకి చేరుతుంది. బండి పొగ వదులుతుంది. పిస్టన్ రింగులు పోయాయనుకుని ఇంజను విప్పేవాళ్లూ ఉన్నారు.

వాల్వుల గురించి, అంటే ఇంజనులోకి గాలి, పెట్రోలు రానిచ్చి పొగను బయటికి పంపే తలుపుల గురించి, ఒక మాట తప్పక చెప్పాలి. ఇంటర్‌సెప్టర్ 650 లాంటి ఇంజన్లలో వాల్వు సందును ట్యాపెట్ స్క్రూ తిప్పి సరిచేయొచ్చు, సందు కొలిచే ఫీలర్ గేజి ఉంటే చాలు. స్పీడు 400, 390 డ్యూక్ లాంటి రెండు క్యామ్‌ల (వాల్వులను నొక్కే ఇరుసుల) ఇంజన్లలో షిమ్ములు మార్చాలి. షిమ్ము అంటే చొక్కా గుండీ కంటే చిన్న ఉక్కు బిళ్ల. దాని మందంలో 0.05 మిల్లీమీటరు తేడా కూడా లెక్కే. క్యామ్‌లు విప్పి కొలిచాక కానీ ఏ సైజు కావాలో తెలియదు. ఆ సైజు లేకపోతే విప్పిన ఇంజను మీద గుడ్డ కప్పి, బిళ్ల వచ్చేదాకా కూర్చోవాలి. అందుకే చాలామంది అసలు చూడకుండానే వదిలేస్తున్నారు. ఈ ఇంజన్లలో వాడేకొద్దీ పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వు సందు తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇంజను నున్నగా నడుస్తోందని ఓనరు సంతోషిస్తాడు. తర్వాత వేడి మీద స్టార్టు కాకపోవడం, ఆపైన వాల్వు కాలడం. ట్యాపెట్ మోగితే మెకానిక్ దగ్గరికి వచ్చే అలవాటు మనవాళ్లది. మోగడం మానేస్తేనే ప్రమాదమని మీరు ఓనర్లకు చెప్పాలి. షిమ్ము కిట్టు జిల్లాకొకటి పెట్టి, వాడినదానికే బిల్లు వేయండి.

ఎండ సంగతి మీ టెస్టింగు వాళ్లకు తెలిసే ఉంటుంది. కానీ రామగుండం, ఖమ్మం, విజయవాడ మే నెల ట్రాఫిక్‌లో రేడియేటర్ ముందు గాలి ఆడదు. బండి కడిగేవాళ్లు ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి కొట్టి రెక్కలన్నీ పడుకోబెట్టేస్తారు. వరికోతల రోజుల్లో పొట్టు, పురుగులు వాటిలో ఇరుక్కుంటాయి. కూలెంట్ తగ్గిందని బోరునీళ్లు పోస్తారు. మన బోర్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ, రెండు ఎండాకాలాల్లో గొట్టాల లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే అది మామూలే అనుకుంటారు. మార్చి నెలలో ప్రతి జిల్లాలో ఒక్క రోజు క్యాంపు పెట్టండి: రెక్కలు దువ్వడం, కూలెంట్ చూడటం, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడటం, రెండేళ్లు దాటిన బ్రేకు ఆయిల్ మార్చడం. బండికి అరగంట పని. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది, కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 దాకా పడిపోతుంది. అనంతగిరి ఘాటు దిగేవాడికి ఆ తేడా కాలి కింద తెలుస్తుంది. రేడియేటర్ గార్డును యాక్సెసరీగా అమ్మకుండా బండితోపాటే ఇవ్వండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు గురించి రోజుకు పదిమంది అడుగుతున్నారు. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు దానికి తగ్గ రబ్బరుతో వస్తున్నాయి. అంతకుముందువాటికి ఏ హోసు, ఏ ఓ-రింగు, ఏ సీలు మార్చాలో మోడల్, సంవత్సరం వారీగా ఒక కాగితం, దానికొక కిట్టు కావాలి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుందని దాచకుండా చెప్పండి. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. వారాల తరబడి నిలబెట్టే బండ్లకు ట్యాంకు నిండా ఉంచాలా, ఎన్నాళ్లకు స్టార్టు చేయాలి అన్నది మీ నోటివెంట రావాలి. మేము చెబితే ఒక మాట, మీరు చెబితే గ్యారంటీ.

హెడ్‌లైటు అద్దం పగిలితే మొత్తం ఎల్‌ఈడీ సెట్టే కొనాలి, అద్దం విడిగా అమ్మరు. మీటరు బ్రాకెట్టు విరిగితే మీటరుతో కలిపి కొనాలి. ఇలా ముక్కలన్నీ సెట్లుగా మారేసరికి మామూలు యాక్సిడెంటు బిల్లు కూడా బీమా విలువలో 75 శాతం దాటి, బాగుచేయదగ్గ బండి పూర్తి నష్టం కింద పోతోంది. అద్దం, బ్రాకెట్లు, క్లిప్పులు విడిగా అమ్మండి.

2020 సెప్టెంబరులో హార్లే-డేవిడ్‌సన్ ఇండియాలో సొంత అమ్మకాలు, హరియాణాలోని బావల్ ప్లాంటు ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, అప్పటికే కొన్నవాళ్లు పడ్డ గాభరా ఈ మార్కెట్ ఇంకా మరిచిపోలేదు. తర్వాతి నెలలోనే హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరి సర్వీసు నిలబడింది, మంచిదే. కానీ ఇప్పుడు పెద్ద బండి కొనే ప్రతివాడూ షోరూములో అడగలేక మా దగ్గర అడిగే ప్రశ్న ఒకటే, “ఈ కంపెనీ ఉంటుందా అన్నా?” దీనికి జవాబు ఇన్వాయిసు మీద ఉండాలి: ఈ మోడల్ అమ్మకాలు ఆగిన తర్వాత 10 ఏళ్లు స్పేర్లు ఇస్తాం అని. ఆ ఒక్క వాక్యం ఉంటే సెకండ్ హ్యాండులో బండి ధర నిలబడుతుంది. పాతదానికి ధర పలికితేనే వాడు మీ 650 వైపు చూస్తాడు.

చివరగా వారంటీ. బయటి మెకానిక్ ఆయిల్ మార్చాడని ఎలక్ట్రికల్ క్లెయిమ్ తిరగ్గొట్టకండి. సరైన గ్రేడు ఆయిల్, అసలు ఫిల్టరు వాడి బిల్లు చూపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోండి. మీ దగ్గర శిక్షణ ఇస్తామంటే మా కుర్రాళ్లను మా ఖర్చుతో పంపుతాం, పరీక్ష పెట్టండి, తప్పినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వకండి. పాసైనవాళ్లకు మొదటి సర్వీసు చేసే అధికారం ఇవ్వండి. తీసిన ఆయిల్‌లో ఇనుప రజను ఎంత ఉందో ఫొటో తీసి, బోల్టు బోల్టుకూ టార్కు రాసి మీకు పంపే బాధ్యత మాది.

ముందుగా ఖమ్మం, కర్నూలు, ఆదిలాబాద్, శ్రీకాకుళం, అనంతపురం, ఈ ఐదు చోట్ల మొదలుపెట్టండి. పైన రాసిన జాబితాలో అన్నీ ఒకేసారి కుదరకపోతే క్లచ్ లీవర్లు, గేరు లీవర్లు, డ్రెయిన్ వాషర్లు, ఈ మూడూ ఈ నెలలోనే పంపండి. షెడ్లలో నిలబడ్డ బండ్లలో చాలావరకు ఆ మూడింటి కోసమే ఎదురుచూస్తున్నాయి.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెద్ద బైకుల మెకానిక్కులు, స్పేర్ల దుకాణదారులు